మైనారిటీకి నోరెప్పుడు వస్తుంది? సత్యం కంపెనీ, విదేశీ వాటాదారులు, మన ప్రశ్న



ఈ వరుసలో ఇప్పటిదాకా భూమి గురించి, హాస్టళ్ళ గురించి, పాఠ్యపుస్తకాల గురించి రాసుకుంటూ వచ్చాను. ఈ వారం కంపెనీ గురించి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడికి షేర్ల గొడవ ఎందుకని మీరు అడగొచ్చు. నాకు ఇది ఒక మాట దగ్గర మొదలైంది.

క్లాసులో ఒకరోజు "మైనారిటీ అంటే ఎవరు?" అని అడిగాను. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు అని చెప్పారు పిల్లలు. బీకాం చదివి ఎం.ఏ. తెలుగులో చేరిన ఒకమ్మాయి వెనక బెంచీలోంచి లేచి "మైనారిటీ షేర్‌హోల్డర్ కూడా ఉంటాడు సార్" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. కంపెనీల చట్టం తెచ్చుకుని చదివాను.

1956 కంపెనీల చట్టంలో 397వ సెక్షన్ ఒకటుండేది. కంపెనీని నడిపేవాళ్ళు కొందరు సభ్యులను 'అప్రెషన్'కు గురిచేస్తే, ఆ సభ్యులు వెళ్ళి మొరపెట్టుకోవచ్చని అది చెప్పింది. అప్రెషన్ అంటే అణచివేత. మన కరపత్రాల్లో, మన పాటల్లో, గోడల మీద రాసుకునే అదే అణచివేత. నూరుమంది సభ్యులు కలిసినా చాలు, పదో వంతు వాటా ఉన్నవాళ్ళు కలిసినా చాలు, చట్టం తలుపు తీస్తుంది. 2013లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఇది 241వ సెక్షన్‌గా ఉంది.

అంటే ఏమిటి? ఎక్కువ ఓట్లున్నవాడు తక్కువ ఓట్లున్నవాడిని నొక్కేస్తాడని చట్టానికి తెలుసు. డబ్బు సంగతి వచ్చేసరికి మెజారిటీ మంచితనాన్ని చట్టం నమ్మలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక్క రాత్రిలో

మన ఊళ్ళో జరిగిన కథే చూద్దాం. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో హైదరాబాద్‌లో పుట్టింది. 2001 నుంచి దాని షేర్లు అమెరికాలోని న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా ఏడీఆర్‌ల రూపంలో అమ్ముడుపోయేవి. ఏడీఆర్ అంటే ఇక్కడి షేర్లను బ్యాంకు దగ్గర ఉంచి, వాటి మీద అక్కడ కొనుక్కునే పత్రం. 2008 నాటికి ఆ కంపెనీలో యాభై వేలమందికి పైగా ఉద్యోగులు. కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని అదే ఏడాది గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు.

ఒక సంగతి గమనించండి. ఛైర్మన్ బి. రామలింగరాజు, ఆయన కుటుంబం కలిసి అప్పటికి కంపెనీలో ఉంచుకున్న వాటా తొమ్మిది శాతం లోపే. విదేశీ పెట్టుబడి సంస్థల చేతుల్లో, అన్నీ కలిపితే, దాదాపు సగం ఉంది. కానీ ఆ సంస్థల్లో ఏదీ ఒక్కటిగా కంపెనీని నడిపే స్థాయిలో లేదు. ఒకరికి ఎనిమిది శాతం, ఒకరికి రెండు, ఒకరికి అర. ఎవరికి వారు మైనారిటీయే. తొమ్మిది శాతం కూడా లేని కుటుంబం మాత్రం యజమాని. ఊళ్ళో నాలుగిళ్ళున్న కులం ఊరంతా ఏలినట్టు అనుకోండి, మనకు తొందరగా అర్థమవుతుంది.

2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు కూర్చుంది. రెండు కంపెనీలను కొంటున్నామని తీర్మానించింది. మైటాస్ ప్రాపర్టీస్‌లో నూటికి నూరు శాతం, 130 కోట్ల డాలర్లకు. మైటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం, 30 కోట్ల డాలర్లకు. ఒకటి భూములు, ఇళ్ళ వ్యాపారం. ఇంకొకటి రోడ్లు, కట్టడాలు, హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు. ఈ రెండూ రాజుగారి కుటుంబానివే, కొడుకులు నడిపేవి. సత్యం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి ముందుకు చదివితే మైటాస్ వస్తుంది. తెలుగులో తిప్పితే రాదు. ఆ పేరు ఎవరు చదవడానికి పెట్టిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖజానాలోని డబ్బుతో యజమాని కుటుంబం తన భూముల కంపెనీని తనకే అమ్ముకోవడం ఇది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నాడు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నాడు. మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నాడు. ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్ ఉన్నాడు. కొన్ని ప్రశ్నలు అడిగారు. చివరికి అందరూ సరేనన్నారు. వాటాదారుల ఓటు అడగాల్సిన పని కూడా లేదనుకున్నారు.

మన మార్కెట్ మూసేశాక ఆ వార్త బయటికొచ్చింది. పెట్టుబడిదారులతో ఫోన్‌లో సమావేశం పెట్టారు. అక్కడే మొదలైంది గోల. ఇది మా డబ్బు, మమ్మల్ని అడగకుండా మీ ఇంటి కంపెనీ కొనుక్కుంటారా అని నిలదీశారు. అదే సమయానికి న్యూయార్క్ మార్కెట్ తెరుచుకుంది. సత్యం ఏడీఆర్ ధర సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే, మన దగ్గర తెల్లారి మార్కెట్ తెరవకముందే, కంపెనీ వెనక్కి తగ్గింది. కొనడం లేదని ప్రకటించింది. అయినా 17న ఇక్కడి ధర కూడా దాదాపు ముప్పై శాతం పడింది.

ఆ తర్వాత వరుసగా జరిగాయి. సత్యానికి ఎనిమిదేళ్ళ పాటు కాంట్రాక్టులు ఇవ్వకుండా ప్రపంచ బ్యాంకు నిషేధించిన సంగతి డిసెంబర్‌లోనే బయటపడింది. ఇండిపెండెంట్ డైరెక్టర్లలో నలుగురు నెలాఖరులోగా రాజీనామా చేశారు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం రాశాడు. బ్యాంకుల్లో ఉందని చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నాడు. లేని ఆస్తి స్థానంలో ఉన్న ఆస్తిని పెట్టడానికి మైటాస్ కొనుగోలు తన చివరి ప్రయత్నమని అందులోనే రాశాడు. అంటే ఆ రాత్రి విదేశీ వాటాదారులు అడ్డం పడకపోతే, కాగితం మీది డబ్బు స్థానంలోకి నిజమైన భూమి వచ్చి కూర్చునేది. మోసం మట్టి కింద పూడిపోయేది.

వాళ్ళ నోరు ఎందుకు వినిపించింది?

వాళ్ళు నీతిమంతులు కాబట్టి కాదు. లాభాలు చూపించినంత కాలం వాళ్ళూ లెక్కలు నమ్మారు, డివిడెండ్లు తీసుకున్నారు. దొంగ లెక్క ఏళ్ళ తరబడి నడుస్తుంటే పట్టుకోలేదు. వాళ్ళ నోరు వినిపించడానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, వెళ్ళిపోగలగడం. నచ్చకపోతే షేర్లు అమ్మేసి పోతారు. అమ్మితే ధర పడుతుంది. రాజుగారి కుటుంబం తమ షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. ధర పడితే అప్పిచ్చినవాళ్ళు ఆ షేర్లను అమ్మేస్తారు. అలాగే అమ్మేశారు కూడా. కాబట్టి అమ్ముతామనే మాటే వాళ్ళ చేతిలో కర్ర.

రెండోది, కోర్టు. న్యూయార్క్‌లో షేర్లు అమ్మే కంపెనీ అమెరికా చట్టానికి జవాబు చెప్పాలి. అక్కడ నష్టపోయిన వాటాదారులంతా కలిసి ఒకే దావా వేయొచ్చు. వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆడిటర్ సంస్థ ఇంకో 2.55 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇక్కడ నష్టపోయిన లక్షలమంది చిన్న వాటాదారుల సంగతేంటి? పింఛనుదారులు, టీచర్లు, పీఎఫ్ డబ్బు పెట్టినవాళ్ళు. వాళ్ళ తరఫున ఒక మదుపరుల సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్ తలుపు తట్టింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. అదే కంపెనీ, అదే మోసం. న్యూయార్క్‌లో కొన్నవాడికి పరిహారం, హైదరాబాద్‌లో కొన్నవాడికి ఓదార్పు.

మూడోది, సభలో చోటు. ఆ రాత్రి ఫోన్ సమావేశంలో మాట్లాడింది ఎవరు? పెద్ద సంస్థల మేనేజర్లు, విశ్లేషకులు. ఛైర్మన్ జవాబు చెప్పక తప్పని మనుషులు, ఆయనకు అర్థమయ్యే భాష. వరంగల్‌లో వంద షేర్లున్న బడిపంతులుకు ఆ ఫోన్ నంబరే తెలియదు.

ఈ దెబ్బతో చట్టం మారింది. 2013 కంపెనీల చట్టం కలిసి దావా వేసే హక్కును 245వ సెక్షన్‌లో ఇక్కడి వాటాదారులకూ ఇచ్చింది, 2016లో అది అమల్లోకి వచ్చింది. యజమాని తన బంధువుల కంపెనీతో పెద్ద లావాదేవీ చేస్తే వాటాదారుల అనుమతి కావాలి, అందులో సంబంధం ఉన్న వాటాదారుడు ఓటు వేయకూడదు. పెద్ద కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండి తీరాలి. మెజారిటీ తన సొంత కేసులో తానే జడ్జి కాకూడదన్న సూత్రం కంపెనీలకు వచ్చేసింది. మంచిదే. పల్లెల్లోకి, యూనివర్సిటీల్లోకి ఎప్పుడొస్తుందో చూడాలి.

వాళ్ళు అడగనివి

ఇప్పుడు నా సంగతి కొంచెం. ఆ చలికాలం నేను డిగ్రీ ఫైనలియర్. హైదరాబాద్‌లో ఎస్సీ సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. జనవరి 7న హాస్టల్ టీవీ ముందు అందరం గుమిగూడాం. ఇంజనీరింగ్ చదివే అన్నలు ఇద్దరు ముగ్గురు మొహాలు వేలాడేసుకున్నారు. మా పెద్దమ్మ అప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసేది. అది సత్యం కాదు, వేరేది. ఆదివారం వాళ్ళింటికి పోయినప్పుడు ఉత్సాహంగా ఈ కథంతా చెప్పాను. విదేశీవాళ్ళు ఒక్క రాత్రిలో ఎట్లా ఆపేశారో చెప్పాను. ఆమె అన్నం పెడుతూ విన్నది. చివరకు అన్నది:

"గా షేర్ల ముచ్చట నాకు తెల్వది బిడ్డా. మా కంట్రాక్టరు మూడు నెలల సంది పీఎఫ్ కడ్తలేడు. గది ఎవల్ని అడగాలె?"

నా దగ్గర జవాబు లేదు. పదిహేనేళ్ళు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి అడగడానికి చోటుంది. అదే మాదాపూర్‌లో నేల తుడిచే మనిషికి లేదు.

భూమి సంగతీ అంతే. మైటాస్ భూముల ధర సరిగ్గా కట్టారా లేదా అని వాటాదారులు గట్టిగా అడిగారు. ఆ భూములు ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చాయని వాళ్ళలో ఎవరూ అడగలేదు. వందల బినామీ కంపెనీల పేర్లతో భూములు కొన్నారని తర్వాత దర్యాప్తు సంస్థలు చెప్పాయి. హైదరాబాద్ చుట్టూ ఆ పదేళ్ళలో ఏం జరిగిందో రంగారెడ్డి జిల్లాలో పుట్టినవాడిగా నాకు తెలుసు. మా నాయనకు రెండెకరాల లావణి పట్టా ఉండేది. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని ఎవరూ కొనకూడదు. అయినా ఒక బ్రోకర్ వచ్చాడు, తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు, మా చేతిలో కొంత పెట్టి పోయాడు. ఆ భూమి ఇప్పుడు ఎవరి లెక్కల పుస్తకంలో ఎంత విలువకు ఉందో నాకు తెలియదు. ఏదో ఒక పుస్తకంలో మాత్రం 'ఆస్తి' కింద ఉండే ఉంటుంది. కంపెనీ ఆస్తి అనే మాట వెనక ఎప్పుడూ ఎవరో ఒకరి పోయిన ఆస్తి ఉంటుంది. వాటాదారుకు అది కనిపించదు, ఎందుకంటే ఆ గడి ఆ పుస్తకంలో లేదు.

బోర్డు గదిలో కులం

బాబాసాహెబ్ బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడన్న సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివొచ్చిన మనిషి. సలహా బాగుందనే వచ్చారు జనం. అంటరానివాడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. డబ్బుకు కులం లేదనేవాళ్ళకు నేను చెప్పే మొదటి కథ ఇదే.

తొంభై ఏళ్ళ తర్వాత బోర్డు గదులు ఎలా ఉన్నాయి? డి. అజిత్, హాన్ డోంకర్, రవి సక్సేనా అనే ముగ్గురు పరిశోధకులు 2010 నాటి వెయ్యి పెద్ద భారతీయ కంపెనీల బోర్డులు లెక్కపెట్టారు. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాలు. ఓబీసీలు 3.8 శాతం. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. సత్యం బోర్డులో అంతటి చదువరులు ఎందుకు నోరు మూసుకున్నారని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. ఒకే రకం ఇళ్ళ నుంచి, ఒకే రకం కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు ఒకరినొకరు ఏమని నిలదీస్తారు? ఇండిపెండెంట్ అనే మాట జీతానికి సంబంధించినది మాత్రమే అయితే అది సగం మాటే.

ఎక్కడైనా అడిగారా?

విదేశీ వాటాదారులు డబ్బు గురించి కాక వివక్ష గురించి అడిగిన సందర్భం ఉందా? ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాటాదారుల సభకు ఎపిస్కోపల్ చర్చి ఒక తీర్మానం తెచ్చింది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళను తొక్కేసే రాజ్యంలో మన కంపెనీ వ్యాపారం చేయొద్దు, బయటికి రావాలి అని. ఆ ఏడాదే బోర్డులోకి వచ్చిన నల్లజాతి పాస్టర్ లియోన్ సల్లివన్ లేచి, తన బోర్డుకే ఎదురుగా ఆ తీర్మానాన్ని సమర్థించాడు. రెండు శాతం ఓట్లు కూడా రాలేదు. ఆయన ఊరుకోలేదు. 1977లో దక్షిణాఫ్రికాలోని అమెరికన్ కంపెనీలకు సూత్రాలు రాశాడు. ఒకే పనికి ఒకే జీతం, ఒకే భోజనశాల, నల్లవాళ్ళకు మేనేజర్ ఉద్యోగాలు. పదేళ్ళు చూసి, ఈ సూత్రాలు చాలలేదు, వర్ణవివక్ష కదల్లేదు, కంపెనీలన్నీ బయటికి రావాల్సిందేనని 1987లో ఆయనే చెప్పాడు. తన పేరు మీదున్న సూత్రాలు ఓడిపోయాయని తానే చెప్పగలిగిన నాయకుడు ఆయన. మనం నేర్చుకోవాల్సింది అది కూడా.

ఇంకొకటి ఉత్తర ఐర్లండ్. అక్కడ కాథలిక్కులకు ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు దొరికేవి కావు. 1984లో షాన్ మెక్‌బ్రైడ్ పేరుతో తొమ్మిది సూత్రాలు వచ్చాయి. న్యూయార్క్ నగర ఉద్యోగుల పెన్షన్ నిధులు, అక్కడ ఫ్యాక్టరీలున్న అమెరికన్ కంపెనీల్లో చిన్న వాటాదారులుగా ఉంటూ, వాటాదారుల సభల్లో ఈ సూత్రాలను తీర్మానాలుగా పెట్టాయి. ఏటా పెట్టాయి. 1989లో బ్రిటిష్ పార్లమెంటు అక్కడి న్యాయమైన ఉపాధి చట్టాన్ని గట్టిపరిచింది. యజమానులు తమ పనివాళ్ళలో ఏ మతం వాళ్ళు ఎంతమందో లెక్క చెప్పి తీరాలని రాసింది. వాటాదారుల ఒత్తిడి ఒక్కటే దాన్ని తెచ్చిందని అనను. వీధుల్లో ఉద్యమం ఉంది, ప్రాణాలు పోయాయి. కానీ బోర్డు గదిలోకి ఆ ప్రశ్నను మోసుకెళ్ళింది మాత్రం ఆ పెన్షన్ డబ్బే.

ఈ రెండిటినీ చూసే అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ 2000ల మధ్యలో 'అంబేద్కర్ సూత్రాలు' తయారుచేసింది. దక్షిణాసియాలో పెట్టుబడి పెట్టే విదేశీ సంస్థలు తమ కంపెనీల్లో కులవివక్ష ఉందా అని చూడాలి, నియామకాల్లో, శిక్షణలో దళితులకు చోటివ్వాలి, లెక్క చూసుకోవాలి అని. అవి స్వచ్ఛందం. మన పరిశ్రమల సంఘాలు కూడా, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు వస్తాయేమోనన్న భయంతో, 2006-07లో ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అదీ స్వచ్ఛందమే.

తేడా చూశారా? డబ్బున్న మైనారిటీకి సెక్షన్లు, ట్రిబ్యునళ్ళు, దావాలు. కులం చేత మైనారిటీ అయినవాళ్ళకు స్వచ్ఛందం. డబ్బు దగ్గర మెజారిటీ మంచితనాన్ని నమ్మని చట్టం, మన దగ్గరికొచ్చేసరికి వాళ్ళు మంచివాళ్ళయ్యేదాకా ఆగమంటుంది. 1947లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు సమర్పించిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో బాబాసాహెబ్ పోరాడింది ఈ మంచితనం మీద ఆధారపడకూడదనే. హక్కు రాతలో ఉండాలి, దాన్ని అమలుచేసే దారి కూడా రాతలోనే ఉండాలి.

ఇప్పుడు మనం ఏం అడగాలి?

సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి కంపెనీలు ఏటా ఒక బాధ్యత నివేదిక ఇవ్వాలని తప్పనిసరి చేసింది. అందులో ఆడవాళ్ళు ఎంతమంది, మగవాళ్ళు ఎంతమంది, వికలాంగులు ఎంతమంది, పర్మనెంట్ ఎంత, కాంట్రాక్టు ఎంత అనే గడులున్నాయి. కులం గడి లేదు. విదేశీ పెట్టుబడి సంస్థలు ఈ నివేదికలనే చదువుతాయి. గడి లేని చోట వాళ్ళకు ప్రశ్న పుట్టదు. ఉత్తర ఐర్లండ్‌లో మొదట గెలిచింది ఆ గడినే.

విద్యార్థులకు నా మాట. కామర్స్, లా చదివే మన పిల్లలు ఈ నివేదికలు తెరవండి, పది కంపెనీలవి తీసుకుని ఏం అడిగారో ఏం అడగలేదో రాయండి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలూ అక్కలూ, మీ జీతంలోంచి కోసుకునే పెన్షన్ డబ్బు భారతీయ కంపెనీల షేర్లలో కూడా ఉండొచ్చు. అంటే మీరు కూడా విదేశీ మైనారిటీ వాటాదారులే. మీ నిధి నడిపేవాళ్ళకు ఒక ఉత్తరం రాయండి. కులం లెక్క అడిగారా అని.

ఇది ఉద్యమానికి బదులు కాదు. సల్లివన్ చెప్పింది మర్చిపోవద్దు. వాళ్ళ డబ్బు వాళ్ళ లాభం కోసమే తిరుగుతుంది. కానీ 2008 డిసెంబర్‌లో ఒక రాత్రి మనం కళ్ళారా చూశాం. యజమానికి భయం అనేది ఉంటుంది, అది కొన్ని గంటల్లో పుడుతుంది. రామలింగరాజుకు, మరో తొమ్మిది మందికి 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. ఏడేళ్ళ జైలు అంది, నెల దాటాక పై కోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది. ఆ కేసు నష్టపోయిన షేర్ల గురించి. మా పెద్దమ్మ పీఎఫ్ గురించిన కేసు ఇప్పటికీ ఎక్కడా లేదు.

ఆమె ఆ తర్వాత మూడేళ్ళకు పని మానేసింది, మోకాళ్ళు పోయి. పీఎఫ్ రాలేదు. మొన్న పండక్కి పోయినప్పుడు ఈ వ్యాసం సంగతి చెప్పాను. "ఇప్పుడన్న దొరికిండా, ఎవల్ని అడగాలెనో?" అంది.

దొరకలేదు పెద్దమ్మా. కానీ ఎట్లా అడగాలో నేర్చుకుంటున్నాం.

వచ్చే వారం అసైన్డ్ భూముల మీద కోనేరు రంగారావు కమిటీ ఏం చెప్పిందో, ఏం చేశారో చూద్దాం.

జై భీమ్.